చందా లెక్క చెప్పని సమితి తర్వాత ఊరిని మళ్లీ కూడగట్టేదెట్లా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లాలో పత్తికొండ వైపు పల్లె. ఊరికి అర కిలోమీటరు కూడా లేని దూరంలో కంకర క్వారీ, దాని పక్కనే క్రషర్ ఉన్నాయి. బ్లాస్టింగ్ పెట్టినప్పుడల్లా ఇళ్లు అదురుతాయి. గోడలు పగుళ్లిచ్చినాయి, దుమ్మంతా శనక్కాయ చేల మీద పడుతుంది, రెండు బోర్లు ఎండిపోయినాయి. మూడేళ్ల కిందట పోరాట సమితి అని పెట్టి ఇంటికి 300 రూపాయలు వసూలు చేసినారు, రోడ్డుకు అడ్డం కూర్చున్నారు. నలుగురు పిల్లోళ్ల మీద కేసు పడింది, ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నారు. సమితి నడిపిన పెద్దమనిషి టిప్పర్లు ఇప్పుడు అదే క్రషర్‌లో తిరుగుతున్నాయి. చందా ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మేము కొందరు ఆడవాళ్లం మళ్లీ కదులుదామంటే "కేసులు మనకు, కాంట్రాక్టులు వాళ్లకు, మాకొద్దు తల్లీ" అంటున్నారు. మా ఊరోళ్లే పదిహేను మంది ఆ క్రషర్‌లో పనికి పోతారు. వాళ్లకు మామీద కోపం. నేను పొదుపు సంఘం లీడర్‌ను. ఉద్యమం అంటేనే నమ్మకం పోయిన ఊర్లో ఏం చేయాలి?
(పేరు రాయవద్దన్న పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మీ ఊరివాళ్లు అన్న ఆ ఒక్క మాటలోనే మీరు చేయాల్సిన పనుల వరస ఉంది. వాళ్లు పిరికివాళ్లు కారు, విషయం తెలియనివాళ్లూ కారు. పోయినసారి ఎవరి చేతి నుంచి ఏం పోయిందో, ఎవరి ఇంటికి ఏం చేరిందో లెక్క వేసుకునే మాట్లాడుతున్నారు. ఆ లెక్కలో తప్పు లేదు. అందుకని వాళ్లకు చైతన్యం నేర్పుదామని బయలుదేరకండి. పాత సమితి మూడు బాకీలు మిగిల్చిపోయింది: నలుగురి కేసు, 300 రూపాయల చందా, టిప్పర్లు. క్రషర్ గేటు దాకా పోకముందే ఈ మూడూ తేల్చండి. రెండు మూడు నెలలు పట్టినా పట్టనీయండి.

ఈ అపనమ్మకం మీ ఊరికే పరిమితం కాదు. 2013లో విభజనకు వ్యతిరేకంగా ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి సమ్మె మొదలైతే మన జిల్లాల్లో రెండు నెలలపాటు ఆర్టీసీ బస్సు కదల్లేదు, సర్కారు బడులు చాలావరకు మూతపడ్డాయి. ఆ కోపం నిజమైనదే. కానీ నెలజీతం ఉన్నవాళ్లు మెల్లగా కోలుకున్నారు, బస్టాండులో పండ్లు అమ్ముకునేవాళ్లకు మాత్రం పోయిన రోజులు పోయినట్టే. 2014లో రాష్ట్రం విడిపోనే విడిపోయింది. ఆ జ్ఞాపకం ఉన్న మనిషికి బంద్ అనగానే తన కూలి గుర్తొస్తుంది, అందులో ఆశ్చర్యం లేదు. మరోవైపు మీకు దగ్గర్లోనే, 2024 నవంబరులో, కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి దేవనకొండ మండలం పల్లెలు రోడ్డెక్కితే అధికారులు వెనక్కి తగ్గారు. అక్కడ పని ఇంకా మొదలే కాలేదు, దాని మీద ఎవరి కూలీ ఆధారపడలేదు. అందుకే ఊరంతా ఒక్కటి కావడం సులువైంది. మీ దగ్గర క్రషర్ నడుస్తోంది, పదిహేను ఇళ్ల పొయ్యి దాని మీద వెలుగుతోంది. కప్పట్రాళ్లలో చేసినట్టే చేద్దామంటే ఇక్కడ కుదరదు.

మొదట కేసు. ఆ నలుగురి ఇళ్లకు మీరే పోండి. ఎఫ్ఐఆర్ కాపీ, చార్జిషీటు తీసి చూడండి. 2024 జూలై 1కి ముందు జరిగిన రాస్తారోకో అయితే సాధారణంగా ఐపీసీ 143 (చట్టవిరుద్ధంగా గుమిగూడటం), 341 (దారి అడ్డగించడం) ఉంటాయి, తర్వాతదైతే ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో 189, 126. ఈ రెండే ఉంటే గరిష్ఠ శిక్ష ఆరు నెలలు దాటదు. అలాంటి కేసులో ఘటన జరిగిన ఏడాదిలోగా చార్జిషీటు కోర్టుకు చేరాలన్న గడువు ఉంది. చేరిన తేదీ ఏమిటో వకీలును చూడమనండి. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం సెక్షన్ కూడా పెట్టి ఉంటే సంగతి వేరు. 1984 నాటి ఆ చట్టం కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది.

ఇక్కడ చాలామంది పిల్లలు ఒక పొరపాటు చేస్తారు. "తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేస్తే అయిపోతుంది" అని ఎవరో చెబితే కట్టేస్తారు. దాన్ని శిక్ష పడినట్టే లెక్కిస్తారు. రేపు కానిస్టేబుల్ ఉద్యోగానికి అర్జీ పెట్టినప్పుడు అదే అడ్డం వస్తుంది. రాజీకి వీలున్న సెక్షన్‌కు లోక్ అదాలత్ ఉంది. రాజీ కుదరనిదానికి ప్రభుత్వం ఒప్పుకుంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతితో కేసు ఉపసంహరించుకోవచ్చు. అదీ కాకపోతే హైకోర్టులో కొట్టివేత పిటిషన్ వేయాలి. ఉపసంహరణ కోసం కలెక్టరుకు, ఎమ్మెల్యేకు ఊరి తరఫున అర్జీ ఇవ్వండి. అది తెమిలేదాకా వాయిదా ఖర్చులు ఊరు భరించాలి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఆ నలుగురిలో ఎవరైనా ఉద్యోగానికి ప్రయత్నిస్తుంటే ఫారంలో కేసు సంగతి దాచవద్దని గట్టిగా చెప్పండి. కేసు ఉండటం కన్నా దాన్ని దాచడమే ఎక్కువ మందికి ఉద్యోగం పోగొట్టింది.

ఊర్లో మీ మీద మాట మారేది ఈ పనితోనే. ఆ నలుగురి తల్లులు మీ పక్కన కూర్చున్న రోజున "కేసులు మనకు" అన్న మాటకు జవాబు దొరికినట్టు.

రెండోది డబ్బు. పాత చందా లెక్క అడగండి, అయితే దొంగ అని అరవకుండా అడగండి. ఎన్ని ఇళ్లు ఇచ్చాయి, మొత్తం ఎంత, టెంటుకు, మైకుకు, బెయిలుకు ఎంత పోయింది అని ఒక కాగితం మీద రాసి పాత సమితివాళ్లకు పదిహేను రోజులు గడువు ఇవ్వండి. జవాబు వస్తే చదివి వినిపించండి. రాకపోతే "రాలేదు" అని రాసి అదే కాగితం పంచాయతీ గోడకు అంటించండి. ఇంకేమీ అనాల్సిన పనిలేదు.

కొత్త లెక్క ఎట్లా నడపాలో మన జిల్లాల వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ పథకంలో సోషల్ ఆడిట్ జరిగినప్పుడు మస్టర్ రోల్ పట్టుకుని "ఫలానా ఆమె, పన్నెండు రోజులు, ఇంత డబ్బు, ముట్టిందా లేదా?" అని అందరి ముందూ చదవడం మీరూ చూసే ఉంటారు. సమితి చందాను కూడా అట్లాగే చదవండి. వరస నెంబర్లు అచ్చువేసిన, కార్బన్ కాపీ ఉండే రసీదు పుస్తకం ఒక్కటే వాడండి. ఇంటికి 100 రూపాయలకు మించి తీసుకోవద్దు, ఇవ్వలేనివాళ్లను అడగనే వద్దు. పక్క క్రషర్ యజమాని నుంచి, కాంట్రాక్టర్ల నుంచి, ఏ పార్టీ నుంచీ రూపాయి ముట్టవద్దు. పక్క క్రషర్‌వాడు పోటీదారును మూయించడానికి చందా ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు, అది బయటపడిన రోజున మీ పని ముగిసినట్టే. డబ్బు ముగ్గురి పేర ఉమ్మడి ఖాతాలో వేసి, ఇద్దరి సంతకం ఉంటేనే తీసేట్టు పెట్టండి. చేతిలో 2,000 రూపాయలకు మించి ఉంచుకోవద్దు. ప్రతి నెలా మొదటి తారీఖున జమాఖర్చు గోడకు పడాలి, చదువురానివాళ్ల కోసం ఒకరు చదవాలి. వచ్చినదాంట్లో ఐదో వంతు కేసుల కోసమని పక్కన పెట్టి, ఆ మాట మొదటి రోజే చెప్పండి. ఊరికి తెలియాల్సింది ఇదే: ఉద్యమానికి ఒక ఖర్చు ఉంటుంది, పోయినసారి అది నలుగురి మీద పడింది, ఈసారి అందరం పంచుకుంటాం.

మూడోది టిప్పర్లు. కొత్త కమిటీలో తొమ్మిది నుంచి పదకొండు మంది చాలు. ప్రతి వీధి నుంచి, ఎస్సీ కాలనీ నుంచి మనిషి ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి. సర్పంచ్ పదవికి పోటీ చేసినవాళ్లు, చేయబోయేవాళ్లు వద్దు. చేరే ప్రతి ఒక్కరూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి: నేను గానీ, నా ఇంటివాళ్లు గానీ కమిటీలో ఉన్నంతకాలం, దిగిపోయాక ఇంకో రెండేళ్లు ఆ క్వారీతో, క్రషర్‌తో వాహనాల బాడుగ, కంకర కొనుగోలు, మట్టి పని, ఏ లావాదేవీ పెట్టుకోము. కోర్టులో దీని బలం తక్కువే. దాన్ని గ్రామసభలో గట్టిగా చదివిస్తే ఊర్లో మాత్రం బలం ఎక్కువ. పాత పెద్దమనిషిని ఊరి నుంచి వెలివేయడం, ఆయన ఇంటి పెళ్లికి పోవద్దనడం లాంటివి ఎవరు చెప్పినా వినవద్దు. రాకపోతే జరిమానా అన్న మాట కూడా ఎత్తకండి. బలవంతంగా వచ్చినవాళ్లు మొదటి లాఠీ దెబ్బకు ఉండరు, పైగా మన సీమలో ఊరు రెండు వర్గాలుగా చీలితే అది క్రషర్ మూతపడినా మాయదు.

క్రషర్‌లో పనికి పోయే పదిహేను మంది సంగతి అన్నిటికన్నా సున్నితమైనది, చాలా ఉద్యమాలు పాడయ్యేది ఇక్కడే. గేటు మూసిన రోజు యజమానికి పోయేది లాభం, వాళ్లకు పోయేది రాత్రి కూడు. టిప్పర్ మీద ఫైనాన్సు వాయిదా ఉన్నవాడి బాధ ఇంకొకటి. మీరు వాళ్లతో మాట్లాడకముందే "కంపెనీ మనుషులు" అని ముద్ర వేస్తే వాళ్లు నిజంగానే అటువైపు నిలబడతారు. కమిటీ మొదటి మీటింగుకు ముందే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు పోయి వాళ్ల ఇళ్లలో కూర్చోండి. అందరికన్నా ఎక్కువ దుమ్ము మింగేది వాళ్లే. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు పూర్తిగా నయం చేసే మందు లేదు. చట్టంలో అది ప్రకటిత వ్యాధి, అంటే కేసు బయటపడితే యాజమాన్యం అధికారులకు తెలియజేయాలి. ఛాతీ ఎక్స్‌రే, మాస్కులు, ఈఎస్‌ఐ లేదా బీమా, హాజరు కార్డు వంటివి మీ డిమాండ్లలో మొదటి పేజీలోనే పెట్టండి. పేలుడు ప్రమాదం కూడా ముందుగా వాళ్లకే. 2018 ఆగస్టులో ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో, 2021 మే నెలలో కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లెలో చనిపోయినవాళ్లంతా అక్కడ పనిలో ఉన్నవాళ్లే.

దీన్ని బట్టే మీరు అడిగేది ఏమిటో తేల్చుకోవాలి. "క్రషర్ మూసేయాలి" అన్న ఒక్క మాట మీద నిలబడితే ఆ పదిహేను ఇళ్లు మీకు ఎప్పటికీ దూరమే. చట్టం ఇప్పటికే యజమాని మీద పెట్టిన షరతులను అమలు చేయమని అడగడం నుంచి మొదలుపెట్టండి. క్రషర్ చుట్టూ గాలికి అడ్డుగోడ, దుమ్ము లేచే యంత్రాలకు మూత, నీళ్లు చల్లే ఏర్పాటు, లోపలి దారులు గట్టిగా వేసి తడుపుతూ ఉండటం, చుట్టూ చెట్లు, ఇవన్నీ పర్యావరణ పరిరక్షణ నియమాల్లో స్టోన్ క్రషర్లకు రాసిపెట్టినవే. యంత్రం నుంచి మూడు నుంచి పది మీటర్ల లోపు దుమ్ము ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు దాటకూడదు. బ్లాస్టింగ్‌కు గనుల భద్రతా డైరెక్టరేట్ లెక్కలున్నాయి. పేల్చే చోటి నుంచి 500 మీటర్ల దాకా ప్రమాద పరిధి. మామూలు ఇళ్ల దగ్గర భూమి అదురు, తక్కువ ఫ్రీక్వెన్సీలో (అదురు నెమ్మదిగా ఊగే తరహాదైతే), సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. మీ ఇళ్లు ఆ 500 మీటర్ల లోపలే ఉన్నాయి కాబట్టి మీ వాదంలో అన్నిటికన్నా గట్టి భాగం ఇదే. షరతులు పాటించలేని క్వారీని మూసే పని అధికారులే చేయాల్సి వస్తుంది. అప్పుడు కూడా ఆ కార్మికుల బాకీ జీతాలు ఇప్పించమని అడగాల్సింది మీరే.

ఇక రుజువులు. జనం ఉద్యమాలను నమ్మకపోవడానికి పెద్ద కారణం పెంచి చెప్పడం. పరీక్ష చేయించకుండా "నీళ్లలో విషం" అన్నా, డాక్టరు కాగితం లేకుండా "దుమ్ము వల్ల క్యాన్సర్" అన్నా, ఒక్కటి తప్పని తేలితే మిగతా పది నిజాలూ కొట్టుకుపోతాయి. అందుకని ఇంటింటికీ ఒక పేజీ పెట్టి పగుళ్ల పుస్తకం రాయండి. ఏ గోడ, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఇల్లు కట్టి ఎన్నేళ్లు, మట్టి మిద్దెనా సిమెంటు ఇల్లా. క్వారీ రాకముందే ఉన్న పగులైతే "పాతది" అని నిజాయితీగా రాయండి. ఇక్కడే అందరూ దెబ్బతింటారు. తనిఖీకి వచ్చిన ఇంజనీరు ఒక్క పాత పగులును పట్టుకున్నాడంటే మొత్తం పుస్తకాన్ని పక్కన పడేస్తాడు. కొత్త పగులు మీద అడ్డంగా వేలెడు వెడల్పున పలచగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ వేసి తేదీ రాయండి. గోడ కదిలితే అది తెగుతుంది, తెగిన తేదీని బ్లాస్టింగ్ తేదీతో సరిచూడవచ్చు. పట్టీ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి, ఒట్టి పగులు ఫోటోలో వెడల్పు తెలియదు.

బ్లాస్టింగ్ పుస్తకం వేరే పెట్టండి. తేదీ, టైము, సైరన్ మోగిందా, రోడ్డు మీద మనిషిని నిలబెట్టి ఆపారా, రాయి ఎగిరి ఎక్కడ పడింది అని రాయాలి. పడిన రాయిని తీయకముందు ఫోటో తీయండి. ఈ పుస్తకం ఇద్దరు వేర్వేరు ఇళ్లలో కూర్చుని విడివిడిగా రాస్తే ఇంకా నమ్మకం. బోర్ల సంగతి కష్టం. వానలు లేని ఏడాది బోరు ఎండితే క్వారీ వల్ల అని చెప్పలేం. అందుకే క్వారీకి దగ్గరగా ఐదు బోర్లు, మూడు నాలుగు కిలోమీటర్ల దూరాన ఐదు బోర్లు తీసుకుని, వారానికి ఒకసారి తెల్లవారి మోటారు వేసి 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. దగ్గరవి తగ్గిపోతూ దూరంవి నిలబడితే అది మాట్లాడాల్సిన విషయం. రెండూ ఒకేలా తగ్గితే ఆ డిమాండ్‌ను మీరే వదిలేయండి. దుమ్ముకైతే చేను ఆకుల ఫోటోలు చాలవు, కాలుష్య నియంత్రణ మండలి కొలవాలి. తనిఖీ రోజునే నీళ్లు చల్లడం మామూలు కాబట్టి, నెలలో ఏ ఏ రోజులు చల్లారో మీ పుస్తకంలో ముందు నుంచే ఉండాలి. తనిఖీ అడిగేటప్పుడు ఆ పుస్తకం నకలు జత చేయండి.

కాగితాలు సమాచార హక్కు చట్టం కింద వస్తాయి. గనులు, భూగర్భ శాఖ నుంచి లీజు ఆర్డరు, హద్దుల మ్యాపు. కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపన అనుమతి, నడిపే అనుమతి. పర్యావరణ అనుమతి, దాని మీద యజమాని ఆరు నెలలకోసారి ఇవ్వాల్సిన అమలు నివేదికలు. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు పది రూపాయలు, మండల స్థాయికి ఐదు, గ్రామ స్థాయికి ఏమీ లేదు. పేదరేఖకు దిగువ ఉన్నవాళ్లు రుజువు జత చేస్తే ఎక్కడా ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. "ఎందుకు అనుమతి ఇచ్చారు?" అని అడిగితే అర్జీ తిరిగొస్తుంది. "ఫలానా లీజు ఆర్డరు నకలు ఇవ్వండి" అని అడగండి. "మాకు తెలియకుండా పబ్లిక్ హియరింగ్ చేశారు" అని ఆరోపించే ముందు పర్యావరణ అనుమతిలో కేటగిరీ చూడండి. బి2 అని ఉంటే అసలు హియరింగ్ అవసరమే లేదు. లేని హియరింగ్ మీద అరిచి నవ్వులపాలైన ఊళ్లున్నాయి.

ఇవన్నీ చేతికొచ్చాక సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పోయి అర్జీ ఇచ్చి నెంబరు తీసుకోండి. గనుల శాఖ, కాలుష్య మండలి, రెవెన్యూ ముగ్గురూ కలిసి ఒకే రోజు తనిఖీ చేయాలని అడగండి. విడివిడిగా వస్తే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. గ్రామసభ తీర్మానం జత చేస్తే బరువు పెరుగుతుంది, కానీ మిరపకాయల కోతకు సగం ఊరు గుంటూరు వైపు వలసపోయిన నెలల్లో సభ పెట్టవద్దు. ఆ సంతకాలు చాలవని ఎవరైనా అనవచ్చు, తిరిగొచ్చినవాళ్లూ మమ్మల్ని అడగలేదంటారు. ఇంకో దారి చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్. మామూలు ఫిర్యాదుకు ఆరు నెలల గడువు ఉంది. నష్టపరిహారానికి మాత్రం ఐదేళ్లు ఉంది కాబట్టి మూడేళ్ల కిందటి పగుళ్లకు కూడా మీకు ఇంకా వ్యవధి మిగిలే ఉంది.

ధర్నా చేయవద్దని మేం చెప్పడం లేదు. కాగితాలు కదలనప్పుడు జనం కూర్చుంటేనే కదులుతాయి. ఎక్కడ కూర్చోవాలన్నదే ప్రశ్న. రోడ్డు మీద కూర్చుంటే నష్టపోయేది బస్సులోని గర్భిణి, పరీక్షకు పోయే పిల్ల; క్రషర్ యజమానికి ఏమీ కాదు. పబ్లిక్ రోడ్లను నిరవధికంగా ఆక్రమించకూడదని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో చెప్పింది కూడా. తహసీల్దారు ఆఫీసు ముందు టెంటు వేసి రిలే దీక్ష పెట్టండి. వారం ముందు పోలీసు స్టేషన్‌లో రెండు ప్రతులతో అర్జీ ఇవ్వండి: తేదీ, గంటలు, స్థలం, ఎంతమంది, బాధ్యులెవరు. ఒక ప్రతి మీద ముద్ర వేయించుకోండి. కాదంటే ఆ మాట రాసివ్వమనండి. పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందని అంటారు; అది సభలను క్రమబద్ధం చేయడానికే కానీ అసలే లేకుండా చేయడానికి కాదు. రోడ్ల మీద సభలను కట్టడి చేసిన 2023 నాటి జీవో 1ని హైకోర్టు అదే ఏడాది మే నెలలో కొట్టేసింది. సంత రోజు, పరీక్షల రోజులు, విత్తనం పడే వారాలు వదిలేయండి. దీక్షలో కూర్చునే వంతు నెలలో ఒక ఇంటికి ఒక్క రోజుకు మించకూడదు. కూలికి పోయేవాళ్లకు ఆదివారం, భూమి ఉన్నవాళ్లకు మిగతా రోజులు. ఉద్యోగాలకు చదువుకునే పిల్లల్ని ముందు వరసలో పెట్టవద్దు, వాళ్లు లెక్కలు, ఫోటోలు, అర్జీలు చూసుకోవచ్చు.

పార్టీ నాయకులు వస్తారు, రానీయండి. జెండా లేకుండా, జనంలో కూర్చుని, మద్దతు లేఖ ఇచ్చి పోవాలి. మైకు మాత్రం ఊరివాళ్ల చేతిలోనే. ఒక పార్టీ జెండా ఎక్కిందంటే ఊర్లో రెండో సగం మరునాటి నుంచి రాదు.

కొన్నాళ్లకు యజమాని కబురు పెడతాడు. ఎప్పుడూ ఒక్కరు పోవద్దు, ఐదుగురు పోవాలి, అందులో ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు క్రషర్ కార్మికుల ఇంటి మనిషి. మాటలు ఊర్లోనే జరగాలి, పట్టణంలో లాడ్జిలో కాదు. ఏం మాట్లాడుకున్నారో రాసి మరునాటికల్లా గోడకు పెట్టండి. డబ్బు కన్నా ముందు గుడి వస్తుంది: రామాలయానికి గోపురం కట్టిస్తాం, జాతరకు అన్నదానం చేయిస్తాం అంటారు. దేవుడి పనికి కాదనలేక ఊరు ఒప్పుకుంటుంది, ఆ తర్వాత నోరు పెగలదు. ఇది వస్తుందని ముందే అనుకుని, తగాదా తేలేదాకా క్వారీ నుంచి గుడికి, బడికి, ఎవరికీ ఏమీ తీసుకోబోమని మొదటి గ్రామసభలోనే తీర్మానం చేయించండి. పగుళ్లకు పరిహారం ఒప్పుకుంటే పుస్తకంలోని ఇళ్ల వరసనే, ఎవరి ఖాతాకు వాళ్లకు పడాలి. కమిటీ చేతికి ఒక్క రూపాయీ రాకూడదు.

చివరగా మీ గురించి. మీరు పొదుపు సంఘం లీడర్ కావడం వల్ల ఆడవాళ్లకు మీ మీద గురి ఉంటుంది, అదే మీకు ప్రమాదం కూడా. సంఘం పొదుపు డబ్బు ఒక్క రూపాయి కూడా ఈ పనికి వాడవద్దు, అప్పుగా కూడా వద్దు. సంఘం తీర్మానాల పుస్తకంలో క్రషర్ మాట రాయవద్దు, సంఘం మీటింగు రోజునే కమిటీ మీటింగు పెట్టవద్దు. కమిటీకి వేరే పుస్తకం, వేరే ఖాతా, వేరే రోజు ఉండాలి. రేపు బ్యాంకు లింకేజీ రుణం ఆలస్యమైతే "నీ ఉద్యమం వల్లే" అని పది మంది సభ్యులూ మిమ్మల్నే అడుగుతారు. వీలైతే కమిటీ అధ్యక్షురాలిగా ఇంకొకరిని పెట్టి, మీరు లెక్కల పుస్తకం పట్టుకోండి. సంఘం లెక్కలు రాసిన చేయి కాబట్టి ఆ పని ఊర్లో మీకన్నా బాగా ఎవరూ చేయలేరు.